ఫ్లైగాన్ పనికొస్తుందా అని అడిగావు కదా

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. రాత్రి ఒంటిగంటకి అంత బాధగా మాట్లాడావంటే నాకేమీ వింతగా అనిపించలేదు. పోకెమాన్ ఎమరాల్డ్ గేమ్ ఆడే రోజుల్లో, ఇసుకలో దారి చూపే గో-గాగుల్స్ చేతికి రాగానే మేమంతా తర్వాతి జిమ్‌కి, అంటే తర్వాతి పెద్ద పోటీకి, పరుగులు పెడితే, నువ్వొక్కడివే ఆ ఎడారి ఇసుక తుఫానులో తిరిగి తిరిగి ట్రాపించ్ అనే పోకెమాన్‌ని పట్టుకున్నావు. దాని బేస్ స్పీడ్, అంటే పుట్టుకతో వచ్చే వేగం, పది. దాన్ని 35వ లెవెల్ దాకా మోసి వైబ్రావాని చేశావు, 45 దాకా ఓపిక పట్టి ఫ్లైగాన్‌ని చేశావు. అలాంటిదాన్ని ఎవడో చాట్‌లో "వయబుల్ కాదు, తీసెయ్" అని, అంటే పోటీల్లో పనికిరాదని, రెండు ముక్కల్లో తేల్చేస్తే మనసు చివుక్కుమనదా మరి!

ఫోన్‌లో మొదలుపెడితే సగంలో వేరే కబుర్లలో పడిపోతాం. అందుకే తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

ముందు నువ్వు పంపిన రీప్లే సంగతి. ఏడో టర్న్ దగ్గర ఆపి చాలాసేపు చూశాను. నీ ఫ్లైగాన్, అవతలివాడి గార్చాంప్ అనే పోకెమాన్, రెండూ నిండు హెచ్‌పీతో (ప్రాణబలంతో) ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇద్దరూ డ్రాగన్ క్లా అనే దెబ్బనే నొక్కారు. వాడిది ముందు తగిలింది, నీది పడిపోయింది. "వాడికి లక్కు కలిసొచ్చింది" అన్నావు. కాదురా. కాలిక్యులేటర్ తెరిచి లెక్క కట్టాను, చూడు.

ఫ్లైగాన్ బేస్ స్పీడ్ 100, గార్చాంప్‌ది 102. వందో లెవెల్లో స్పీడ్ పెంచే జాలీ నేచర్‌తో (స్వభావంతో) స్పీడ్‌కి 252 ఈవీలు, అంటే శిక్షణ పాయింట్లు, పెడితే నీది 328, వాడిది 333. ఐదే ఐదు పాయింట్లు. కానీ ఆ ఐదు పాయింట్ల వల్ల ప్రతిసారీ మొదటి దెబ్బ వాడిదే. డ్యామేజ్ లెక్కలో ఆట ఎప్పుడూ 85 నుంచి 100 శాతం మధ్య ఒక పాచిక వేస్తుంది కదా. ఎటాక్‌లో కూడా 252 పెట్టిన గార్చాంప్ డ్రాగన్ క్లా కొడితే, ఆ పాచిక అట్టడుగున పడినా నీ ఫ్లైగాన్‌కి 318 పోతుంది. దాని మొత్తం హెచ్‌పీ 301. ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఎలాగో నీదే ముందు కొట్టిందనుకో. 228 నుంచి 270 దాకా తగులుతుంది. గార్చాంప్ హెచ్‌పీ 357, అంటే అది బతికే ఉంటుంది. పైగా దాని ఎబిలిటీ (సహజ గుణం) రఫ్ స్కిన్ అయితే, తాకిన పాపానికి నీ హెచ్‌పీలో ఎనిమిదో వంతు ఎగిరిపోతుంది. ముందు కొట్టినా ఓటమే, వెనక కొట్టినా ఓటమే. ఇందులో లక్కు ఎక్కడుంది చెప్పు?

ఈ లెక్క ఫ్లైగాన్ చెత్తది అని చెప్పడం లేదు. బేస్ స్టాట్స్ అన్నీ కలిపితే 520, అదేమీ తక్కువ కాదు. కాకపోతే అదే గ్రౌండ్-డ్రాగన్ టైపుతో, నువ్వు దానిచేత చేయిస్తున్న పనే చేసేది ఇంకోటి 600తో పక్కనే ఉంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు. టీంలో ఉన్నవి ఆరు చోట్లే. కాబట్టి "ఇది మంచిదా?" అని అడిగి లాభం లేదు. ఈ చోటు ఇంకెవరికీ ఇవ్వకుండా దీనికే ఎందుకివ్వాలి అని అడగాలి. నాకు తెలిసి పోకెమాన్‌ని తూచే పద్ధతి ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఫ్లైగాన్ కథే చూడు. ఆటల మూడో తరంలో, అంటే మన ఎమరాల్డ్ రోజుల్లో, గార్చాంప్ పుట్టనే లేదు. అప్పుడు దీనికి గౌరవంగానే చోటుండేది: కరెంటు తగలదు, గాల్లో తేలే లెవిటేట్ ఎబిలిటీ వల్ల ఎర్త్‌క్వేక్ దెబ్బ తగలదు, కింద పరిచిన స్పైక్స్ గుచ్చుకోవు, రాళ్ల దెబ్బ సగమే తగులుతుంది. నాలుగో తరంలో గార్చాంప్ వచ్చి ఆటను ఎంత ఊపేసిందంటే పోటీల నియమాలు పెట్టే స్మోగన్ సైటు వాళ్లు దాన్ని తీసి, మరీ బలమైనవాటికి కేటాయించిన ఉబర్స్‌లో పడేశారు. అప్పుడు మళ్లీ ఫ్లైగాన్‌కి రోజులొచ్చాయి. మెడకి వేగం పెంచే చాయిస్ స్కార్ఫ్ కట్టుకుని, యూ-టర్న్ కొట్టి వెనక్కి జారుకుంటూ, ఎక్కువగా వాడేవాటి వర్గమైన ఓయూలో దర్జాగా తిరిగింది. ఆ యూ-టర్న్ గార్చాంప్‌కి రాదు, గుర్తుపెట్టుకో. మధ్యలో ఫ్లైగాన్ ఒంట్లో మారిందేమీ లేదు. మారింది ఎదురుగా, పక్కన నిలబడేవాళ్లు.

స్టాట్స్ మొత్తం చూసి మోసపోవడం గురించి ఒక మాట. స్లేకింగ్‌ది 670. గ్రౌడాన్, కయోగ్రే లాంటి మహాబలులకి ఎంతో దీనికీ అంతే. కానీ ట్రూయంట్ అనే ఎబిలిటీ వల్ల ఒక టర్న్ కొడితే తర్వాతి టర్న్ ఊరికే కూర్చుంటుంది. తెలిసినవాడు అది కొట్టే టర్న్‌లో దెబ్బ ఆపే ప్రొటెక్ట్ వేస్తాడు, అది కూర్చునే టర్న్‌లో తన పని కానిచ్చేస్తాడు. అంతే, 670 గాల్లో కలిసిపోయినట్టే. అటు చూస్తే అజుమరిల్‌ది 420, బేస్ ఎటాక్ 50. కానీ హ్యూజ్ పవర్ ఉంటే ఆ ఎటాక్ రెట్టింపు. ఆరో తరంలో దానికి ఫెయిరీ టైపు వచ్చింది, బెల్లీ డ్రమ్, ఆక్వా జెట్ రెండూ ఒకేదాని దగ్గర పెట్టుకునే వీలూ వచ్చింది. సగం హెచ్‌పీ పోగొట్టుకుని ఎటాక్‌ని శిఖరానికి చేర్చుకోవడం, ఆ తర్వాత ఎదుటివాడి స్పీడ్‌తో సంబంధం లేకుండా ముందే కొట్టడం. ఆ రోజుల్లో అజుమరిల్ ఎదురుగా దిగిందంటే నాకు ఎంత టెన్షన్ వచ్చేదో!

"అసలు ఎవడు నిర్ణయిస్తాడ్రా ఇదంతా?" అని గట్టిగా అడిగావు. రెండు వేర్వేరు కొలతలున్నాయి, నువ్వు వాటిని కలిపేస్తున్నావు. టియర్లు, అంటే ఓయూ, యూయూ లాంటి వర్గాలు, ఎంతమంది వాడుతున్నారన్న లెక్కమీద పడతాయి. ఓయూ గీత 4.52 శాతం దగ్గర ఉంటుంది. ఆ విచిత్రమైన అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పదిహేను ఆటలు ఆడితే అందులో ఒక్కసారైనా ఆ పోకెమాన్ ఎదురయ్యే అవకాశం సగానికి సగం ఉండాలి. అంతకుముందు ఇరవై ఆటల లెక్క ఉండేది, అప్పుడు గీత 3.41. ఇది జనాభా లెక్క లాంటిది. ఎవరు గొప్పో చెప్పదు, ఎవరు ఎక్కువున్నారో చెబుతుంది. వయబిలిటీ ర్యాంకింగ్ అలా కాదు. బాగా ఆడేవాళ్లు కూర్చుని వాదించుకుని ఎస్, ఏ, బీ అని మెట్లు కడతారు. అందులో లెక్కా ఉంటుంది, అనుభవమూ ఉంటుంది, ఒక్కోసారి పంతమూ ఉంటుంది. నన్నడిగితే వాళ్లిచ్చిన మెట్టు కంటే దాని కింద రాసే కారణమే ముఖ్యం. నీకు చాట్‌లో వచ్చిన తీర్పుకి కారణం లేదు. అందుకే అది నీకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

ఇప్పుడు నాకిష్టమైన కథ చెప్పాలి. 2014లో వాషింగ్టన్ డీసీలో ప్రపంచ పోటీలు. దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ టీంలో గార్చాంప్, టాలన్‌ఫ్లేమ్, గ్యారడోస్, గార్డెవార్, గోథిటెల్ ఉన్నాయి, వాటి మధ్య ఒక పాచిరిసు! తెల్లగా, నీలంగా ఉండే ఆ బుల్లి ఉడత. మొత్తం 405, ఎటాక్ 45. మనం చిప్స్ పాకెట్లలో టాజోలు ఏరుకునే రోజుల్లో ఇలాంటిది వస్తే పక్కవాడికి ఇచ్చేసేవాళ్లం. దాంతో ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

అది చూసి "ఇష్టమైనదాన్ని నమ్మితే చాలు" అనుకున్నవాళ్లు చాలామంది. ఆ మాట నాకు నచ్చదు, పార్క్ చేసిన ఆలోచనని అది చిన్నది చేస్తుంది. డబుల్స్‌లో ఒకేసారి రెండేసి దిగుతాయి కదా. గ్యారడోస్‌కీ, టాలన్‌ఫ్లేమ్‌కీ కరెంటు అంటే ప్రాణగండం. పాచిరిసు ఫాలో మీ వేస్తే అవతలివాళ్లు గ్యారడోస్‌కి గురిపెట్టిన దెబ్బ దీని మీదికి మళ్లుతుంది. అది కరెంటు దెబ్బే అయితే వోల్ట్ అబ్సార్బ్ వల్ల నష్టపోయేది పోయి ఇంకా హెచ్‌పీ పెరుగుతుంది. దెబ్బ మళ్లించడానికి ఎక్కువమంది వాడే అమూంగస్ ఉంది, కానీ దాని రేజ్ పౌడర్ గడ్డిజాతి వాటిని లాగలేదు. ఫాలో మీకి ఆ లోటు లేదు. మరి ఎటాక్ 45తో ఏం చేస్తుందంటావా? సూపర్ ఫ్యాంగ్ ఎదుటివాడికున్న హెచ్‌పీలో సగం కోసేస్తుంది, కొట్టేవాడి బలంతో దానికి పనే లేదు. నజిల్ తగిలితే పెరాలిసిస్ ఖాయం, దానికీ బలం అక్కర్లేదు. ఉన్న ఈవీలన్నీ తట్టుకోవడానికి పెట్టుకుంటే సరి. డ్రేకో మీటియర్ లాంటి పెద్ద దెబ్బ తిని కూడా నిలబడింది ఆ ఉడత. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లయితే మోసేదెవరు? టీంలో మోసే పని ఒకటుంది, ఆ ఐదింటి పక్కన ఆ పనికి దానికన్నా సరైనది లేదు. పైగా అక్కడ మూడింట రెండు గెలవాలి. మొదటి ఆటలో ఎదుటివాణ్ణి ఆశ్చర్యపరిచి గట్టెక్కినా, రెండో ఆటకి వాడు తేరుకుంటాడు. తేరుకున్నాక కూడా పని చేసిందంటే అది ఆశ్చర్యంతో వచ్చిన గెలుపు కాదు.

2016లో శాన్ ఫ్రాన్సిస్కోలో గెలిచిన వుల్ఫ్ గ్లిక్ టీంలో కూడా ఇలాగే ఒక రైచు ఉంది. పక్కన కయోగ్రే, రేక్వాజా లాంటి ఏనుగులు. రైచు లైట్నింగ్ రాడ్‌తో కయోగ్రే మీదికొచ్చే కరెంటుని తనవైపు లాగేసుకుంటుంది. మళ్లీ అదే సూత్రం. కానీ అదే రైచుని తీసుకెళ్లి ఒక్కొక్కటే దిగే సింగిల్స్‌లో పెట్టు, కాపాడటానికి పక్కన ఎవరుంటారు? ఆ పనే ఉండదు.

పార్క్ టీంలోని టాలన్‌ఫ్లేమ్ సంగతి కూడా విను. ఆరో తరంలో గేల్ వింగ్స్ వల్ల దాని ఎగిరే మూవ్స్ అన్నింటికీ ముందు వరస దొరికేది. ఏడో తరంలో హెచ్‌పీ నిండుగా ఉంటేనే ఆ వరం అన్నారు. ఒక్క గీటు తగిలితే పోయినట్టే. ఒకే ఒక్క నిబంధన మార్పుతో భయపెట్టే పక్షి మామూలు పక్షి అయిపోయింది. చారిజార్డ్‌కి ఉల్టా జరిగింది. అవతలివాళ్లు పరిచిన స్టెల్త్ రాక్ మీద అడుగుపెట్టిన ప్రతిసారీ సగం హెచ్‌పీ పోయేది, 2019లో ఆ రాళ్లు తగలకుండా కాపాడే హెవీ-డ్యూటీ బూట్స్ వచ్చాక ఆ బాధ తప్పింది. అందుకే ఎవరైనా "ఇది వయబుల్" అంటే ఏ తరంలో, ఏ ఫార్మాట్‌లో, ఎవరి పక్కన అని అడగకుండా నేను నమ్మను.

సరే, మన ఫ్లైగాన్‌కి వద్దాం. సింగిల్స్‌లో గార్చాంప్ చేసే పని దానిచేత చేయించకు, అది నీ ఫ్లైగాన్‌కే అన్యాయం. ఇద్దరికీ మంచు దెబ్బ నాలుగింతలే, బలం మాత్రం వాడిది ఎక్కువ. దానికి మాత్రమే ఉన్నవి పట్టుకో: లెవిటేట్, యూ-టర్న్. నాకైతే డబుల్స్‌లో చూడాలని ఉంది. ఎక్స్‌కాడ్రిల్ పక్కన దింపు. ఎక్స్‌కాడ్రిల్ ఎర్త్‌క్వేక్ కొడితే పక్కనున్నవాడికీ తగులుతుంది, ఫ్లైగాన్ గాల్లో ఉంటుంది కాబట్టి దానికి తగలదు. ఎక్స్‌కాడ్రిల్‌ని కాల్చే నిప్పు ఫ్లైగాన్‌కి సగమే తగులుతుంది. అయితే దాచకుండా చెబుతున్నా, ఎగిరేది ఏదైనా ఎర్త్‌క్వేక్ పక్కన క్షేమంగానే ఉంటుంది. థెరియన్ రూపంలోని ల్యాండోరస్‌ని వాడనిచ్చే ఫార్మాట్ అయితే అది దిగుతూనే ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్ల ఎటాక్ కూడా తగ్గిస్తుంది. కాబట్టి ఫ్లైగాన్‌కి అక్కడ దొరికేది ఇరుకైన చోటే. ఇరుకైనా దొరుకుతుందో లేదో ఆడి చూడాల్సిందే, ఒకటి రెండు కాదు, ఇరవై ఆటలు. గెలిచావా ఓడావా అని కాదు, ఫ్లైగాన్ బదులు ఇంకోటి ఉంటే ఆ టర్న్ మారేదా అని ఒక్కో రీప్లేలో చూసుకో.

ఆదివారం రాత్రి తొమ్మిదికి నేను ఖాళీ. ఈలోగా టీం పంపు. ఉత్త పేర్లు వద్దు, ఒక్కోదాని పక్కన అది ఏ పని చేస్తుందో ఒక్క వాక్యం రాసి పంపు. ఫ్లైగాన్ పక్కన వాక్యం కుదరకపోతే ఖాళీగానే వదిలెయ్, ఇద్దరం కలిసి రాద్దాం. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
బాచి