సిమ్ లేని మెసేజ్

ఒరేయ్ రాఘవా,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, కోప్పడకు. ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, ఉద్యోగం ఎప్పటిలాగే. అసలు సంగతి చెప్పకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

నిన్న నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఫోన్‌లో సిమ్ లేదు, వైఫై ఆపేసి ఉంది. తెర మీద "అందిందా?" అని ఒకే ఒక్క మాట! పంపినవాడు గుట్టకి అవతల ఉన్నాడు. మధ్యలో ఏ కంపెనీ టవరూ లేదురా, మేము పెట్టిన చిన్న పెట్టె ఒకటే ఉంది: లోరా (తక్కువ కరెంటుతో చాలా దూరం మాట పంపే రకం) రేడియో బోర్డు, బ్యాటరీ, అరచేయంత సోలార్ ప్యానెల్. ఫోన్ బ్లూటూత్‌తో నా దగ్గరున్న బోర్డుకి కలుస్తుంది, మిగతాదంతా రేడియోనే. సాఫ్ట్‌వేర్ పేరు మెష్‌టాస్టిక్.

బడిలో చివరి బెంచీ నుంచి మన 'గుమ్మడికాయ' గాడి దాకా మన చీటీలు చేతులు మారుతూ వెళ్లేవి చూడు, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ మన తాళంచెవి లేని మధ్యవాడు విప్పి చదవలేడు. చదవలేకపోయినా ముందుకి పంపుతాడు, అంతే. ఇంకో అందం విను. మెసేజ్ విన్న పెట్టెలన్నీ ఒకేసారి అరవవు. సిగ్నల్ బలహీనంగా అందినది, అంటే చాలావరకు దూరంగా ఉన్నది, ముందు పలుకుతుంది. అది విన్న దగ్గరివి ఊరుకుంటాయి. ఎవరు ఆలోచించారో గానీ!

వేగం మాత్రం సెకనుకి సుమారు 1 కిలోబిట్. ఫోటోలు కుదరవు. మెసేజ్‌కి 200 బైట్ల పైచిలుకు, అంతే. మన 'స్త్రీ' అక్షరం ఒక్కటే 18 బైట్లు తినేస్తుంది. నీ ఉత్తరాలు దీంట్లో పట్టవులే.

ఇది ఆటబొమ్మ అనుకోకు. స్పెయిన్‌లో కాటలోనియా పల్లెలకి కంపెనీలు బ్రాడ్‌బ్యాండ్ తీసుకురాకపోతే 2004లో జనమే గీఫీ నెట్ మొదలుపెట్టారు. ఇప్పుడు 30 వేలకు పైగా నోడ్లు, అంటే నెట్‌కి కలిసిన చోట్లు. నీ నోడ్ గుండా పక్కవాడి డేటా వెళ్లనివ్వాలి, అదే వాళ్ల ఒప్పందం. క్యూబా రాజధాని హవానాలో కుర్రాళ్లు ఇంటి కప్పుల మీద కేబుళ్లు, యాంటెన్నాలు వేసుకుని ఇంటర్నెట్‌తో పని లేకుండా ఎస్‌నెట్ అని నడిపారు. ఆటలు, చాటింగ్, అన్నీ అందులోనే. 2019లో కొత్త నిబంధనలొచ్చి ప్రభుత్వ కంప్యూటర్ క్లబ్బుల కిందికి పోయింది. అది చదివాక మనసంతా ఏదోలా అయిపోయింది. అంత ప్రేమగా కట్టుకున్నది... సరే, అది కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

నాకు మాత్రం ఒకటి గట్టిగా అనిపిస్తోంది. తుపానుకి టవర్లు పడిపోయినా, పైవాడెవడో స్విచ్ ఆపేసినా, "బాగున్నాను" అనే ఒక్క మాట పంపుకునే దారి మన చేతిలో ఉండాలి. అందుకే నీకూ ఒక బోర్డు పార్సిల్ చేస్తున్నాను. యాంటెన్నా బిగించకుండా కరెంటు ఇవ్వకు, రేడియో పాడయ్యే ప్రమాదం ఉంది. ఫ్రీక్వెన్సీ సెట్టింగు గురించి కూడా రాయాలి, అది

కింద నుంచి పిలుస్తున్నారు, రెండో పెట్టె బిగించడానికి చీకటి పడకముందే పైకెక్కాలి. మిగతాది రేపు.

నీ
చంద్రం