రెండు లైన్లున్నా నెట్ ఎందుకు పోయిందంటే

హనుమకొండలోని మన హాలుకు రోజూ వచ్చి పనిచేసుకునే వారందరికీ,

మొన్నటి గాలివానకు మధ్యాహ్నం పోయిన నెట్ రాత్రి దాకా రాలేదు. కొందరు మీటింగుల్లో ఉన్నారు, ఒకమ్మాయి ఏకంగా ఇంటర్వ్యూ మధ్యలో ఉంది. “రెండు కంపెనీల లైన్లున్నాయని బోర్డు మీద రాశారు కదా, రెండూ ఒకేసారి ఎలా పోతాయి?” అని మీలో ఒకరు అందరి ముందూ అడిగారు. అడగవలసిన మాటే. అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడుంది.

మన వీధి మలుపులో ఉన్న కరెంటు స్తంభం మీద వేపకొమ్మ విరిగిపడింది. వాన తెరిపి ఇచ్చాక వెళ్లి చూస్తే, మన రెండు కేబుళ్లూ ఆ స్తంభానికి ఒకే కట్టుతీగతో బిగించి ఉన్నాయి, ఒకే చోట తెగి వేలాడుతున్నాయి. రెండో కంపెనీ దగ్గర కనెక్షన్ తీసుకునేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే: మొదటి లైను వచ్చే దారిలో మీది రాకూడదు. “మాది పూర్తిగా వేరే రూటు సార్, వెనక సందులోంచి వస్తుంది” అన్నారు. సందులోంచి వచ్చిన మాట వాస్తవమే. సందు దాటగానే పక్కింటి గోడ పట్టుకుని తిరిగి అదే స్తంభానికి చేరింది! ఆ వేరే రూటు పేరు చెప్పే ఏడాది డబ్బు ముందుగా కట్టించుకున్నారు.

అంతటితో అయిపోలేదు. కేబుళ్లు అతికించాక ఒక్కో లైను మీద విడివిడిగా ట్రేస్‌రూట్ నడిపించాను. మన దగ్గర బయలుదేరిన ప్యాకెట్ (చిన్న డేటా ముక్క) ఏయే రూటర్ల మీదుగా పోతోందో వరసగా చూపించే పరీక్ష అది. మొదటి రెండు మజిలీలు వేరు. మూడో దాని నుంచి రెండు జాబితాల్లోనూ అవే రూటర్ల అడ్రసులు. రెండో కంపెనీకి ఫోన్ చేసి నిలదీస్తే, మొదటి కంపెనీ దగ్గరే బ్యాండ్‌విడ్త్ కొని మనకు అమ్ముతున్నామని ఒప్పుకున్నారు. జనగామ దగ్గర పట్టాలు కొట్టుకుపోయిన రోజున కాజీపేటలో నిలబడి, సికింద్రాబాద్ వెళ్లే రెండు రైళ్లకు టికెట్లున్నాయని మురిసిపోతే ఏం లాభం? మిగిలిన నెలల డబ్బు వెనక్కి అడిగితే కుదరదన్నారు. పోనిమ్మని మా ఇంట్లో వాళ్లూ అంటున్నారు. పోనివ్వను. రాతపూర్వకంగా అడిగాను, అడుగుతూనే ఉంటాను.

మొదటి కంపెనీ ఫైబర్ లైను ఉంచి, రెండోది తీసేశాను. దాని స్థానంలో డాబా మీద 5జీ వైర్‌లెస్ పరికరం పెట్టించాను. ఆ టవర్‌కూ ఎక్కడో ఒకచోట ఫైబరే వెళుతుంది కాబట్టి ఈసారి ఎవరి మాటా నమ్మలేదు. ట్రేస్‌రూట్ చూసి, దారి మొదటి నుంచీ వేరుగా ఉందని తేలాకే డబ్బు కట్టాను.

నన్ను బాగా సతాయించింది ఆ తరవాతి నిర్ణయం. రెండు లైన్లనూ ఒకేసారి వాడాలా, ఒకటి నడుస్తుంటే రెండోది కాపలా ఉండాలా? రెండూ కలిపితే వేగం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. రెండు లైన్లూ వచ్చి కలిసే మన పెట్టె ఉంది కదా, ఫైర్‌వాల్, అది పంచేది కనెక్షన్లను. మీరు దించుకునే ఒక ఫైలు ఒక లైనులోనే వస్తుంది. హాలు నిండా మనుషులున్నప్పుడు పంపకం పనికొస్తుంది, అది ఒప్పుకుంటాను. చిక్కల్లా అడ్రసుతో. బ్యాంకు సైటులో లాగిన్ ఒక లైనులో, తరవాతి పేజీ ఇంకో లైనులో వెళితే, ఐపీ అడ్రస్ (నెట్‌లో ఒక్కో లైనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) మారిందని చూసి కొన్ని బ్యాంకులు బయటికి నెట్టేస్తాయి. ఒక మనిషిని ఒకే లైనుకు అతికించి ఉంచే సదుపాయం ఫైర్‌వాల్‌లో ఉంది కానీ, కాసేపు ఏ పనీ చేయకపోతే ఆ అతుకు ఊడిపోతుంది. రోజంతా అటూ ఇటూ ఊగి చివరికి ఇలా తేల్చాను: మీ ఆఫీసు నెట్‌వర్కుకు భద్రంగా కలిపే వీపీఎన్, వీడియో కాల్స్, బ్యాంకు పనులు ఫైబర్ మీదే. మీ ఫోన్లు, పెద్ద డౌన్‌లోడ్లు వైర్‌లెస్ మీద. ఏది పడిపోయినా దాని బరువు రెండోది మోస్తుంది. పంపకమే మేలని వాదించిన మిత్రులు నన్ను మొండివాడన్నారు. అననీ.

ఇంకో మార్పు కూడా చేశాను. లైను బతికే ఉందా అని ఫైర్‌వాల్ మాటిమాటికీ పింగ్ అనే చిన్న పలకరింపు పంపి చూస్తుంది. మామూలుగా ఆ పింగ్ కంపెనీ వారి దగ్గరి గేట్‌వే (వాళ్ల వైపు మొదటి రూటర్) దాకానే వెళుతుంది. పైన ఎక్కడో చెడినా గేట్‌వే మాత్రం “ఉన్నాను” అని పలుకుతుంది, తెర మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది, మీకు మాత్రం పేజీ తెరుచుకోదు. ఇప్పుడు ఫైబర్ మీద గూగుల్ వారి 8.8.8.8 సర్వర్‌ను, వైర్‌లెస్ మీద క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంకో కంపెనీ వారి 1.1.1.1 సర్వర్‌ను అడిగేలా పెట్టాను. ఒకటీ అరా ప్యాకెట్ పోయినంత మాత్రాన లైను మారదు. నూటికి ఇరవై పోతేనే మారుతుంది. లేకపోతే చినుకు పడ్డ ప్రతిసారీ అటూ ఇటూ దూకుతుంది.

చేయలేనిదీ చెప్పాలి. ఫైబర్ పడిపోయిన క్షణంలో నడుస్తున్న కాల్ తెగుతుంది, వీపీఎన్ మళ్లీ కలుపుకోవాలి. ఇలాంటి ఫైర్‌వాల్‌తో అంతే. ఫైబర్ తిరిగి వచ్చాక మాత్రం వైర్‌లెస్ మీద సాగుతున్న కాల్‌ను కదిలించను, కొత్త కనెక్షన్లే అటు వెళతాయి. మన స్థిర ఐపీ (ఫైబర్ లైనుకున్న, మారని అడ్రస్) నుంచి మాత్రమే లాగిన్ ఒప్పుకునే ఆఫీసుల వారికి వైర్‌లెస్ పనికిరాదు. అక్కడ ఒకే పబ్లిక్ అడ్రస్ చాలామందికి ఉమ్మడిగా ఉంటుంది. అలాంటి వారు నాకు ముందే చెబితే, ఫైబర్ పోయినప్పుడు ఫోన్ చేసి కబురు చేస్తాను.

ఫీజు పెంచడం లేదు. ఆ రోజు హాల్లో ఉన్నవారికి ఒక రోజు ఫీజు వచ్చే బిల్లులో తగ్గుతుంది, అడగనక్కరలేదు. కొందరు వేరే హాలుకు మారారని తెలిసింది. అక్కడి కేబుళ్లు ఏ స్తంభం మీదుగా వస్తున్నాయో ఒకసారి చూసుకోమని మాత్రం చెబుతాను.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు అందరి ముందూ ఫైబర్ కేబుల్ నేనే పీకి చూపిస్తాను. ఆ సమయంలో ముఖ్యమైన కాల్ పెట్టుకోవద్దు. ట్రేస్‌రూట్ మీ లాప్‌టాప్‌లోనే నడిపి చూసుకోవచ్చు.