తొమ్మిదో తరగతిలో ఈ నవల ఎందుకు?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు ఈ టర్మ్‌లో హార్పర్ లీ రాసిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదువుతున్నారు. అత్యాచార ఆరోపణ, కోర్టు విచారణ, నల్లజాతివారిని కించపరిచే మాటలు ఉన్న పుస్తకం ఈ వయసువారికి అవసరమా అని మీలో కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక, ఈ నెల నా పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

1960లో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన ఈ నవల 1930ల నాటి అమెరికా దక్షిణాదిలో, అలబామా రాష్ట్రంలోని మేకోంబ్ అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. కథ చెప్పే స్కౌట్‌కు మొదట్లో ఆరేళ్లు కూడా నిండవు. తెల్లజాతి యువతిపై అత్యాచారం చేశాడన్న నింద మోస్తున్న టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ తరఫున స్కౌట్ తండ్రి, లాయర్ అట్టికస్ వాదిస్తాడు. ఆ యువతి ముఖానికి కుడివైపు దెబ్బలున్నాయి కనుక కొట్టినవాడు ఎడమచేతి వాటంవాడై ఉండాలి. టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నింగ్ యంత్రంలో ఇరుక్కుని పనికిరాకుండా పోయింది. పత్తి పండే మన ప్రాంతంలో ఆ యంత్రం గురించి వివరించనక్కర్లేదు. అయినా అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ అతన్ని దోషి అంటుంది. 1931లో అదే రాష్ట్రంలోని స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్లపై ఇలాంటి తప్పుడు నిందే మోపి, వారిలో ఎనిమిదిమందికి మరణశిక్ష విధించిన చరిత్రను కూడా తరగతిలో చెబుతున్నాం. ఆ శిక్షలు అమలు కాలేదు కానీ పలువురు ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గారు.

ఈ నవలలోని నీతి అంతా తండ్రి మాటల్లో ఉందని చాలామంది అంటారు. నాకు మాత్రం పిల్లలు తడబడే చోట్లే ముఖ్యమనిపిస్తాయి. టామ్‌తో ప్రాసిక్యూటర్ చులకనగా మాట్లాడటం చూడలేక డిల్ అనే పిల్లవాడు ఏడుస్తాడు. అతన్ని బయటికి తీసుకొచ్చిన స్కౌట్, ఎంతైనా టామ్ నల్లవాడే కదా అంటుంది. మనం ఇష్టపడే పాప నోటి నుంచే ఆ మాట రావడంతో మా విద్యార్థులు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు.

ఉపాధ్యాయురాలిగా నన్ను వదలనిది 26వ అధ్యాయం. మిస్ గేట్స్ అనే టీచర్ హిట్లర్ యూదులను పెడుతున్న హింసను ఖండిస్తూ, ప్రజాస్వామ్యం అన్న మాటను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, మన దేశంలో ఎవరినీ హింసించమని పాఠం చెబుతుంది. టామ్ విచారణ రోజున కోర్టు బయట అదే టీచర్, ఆ నల్లవాళ్లకు ఎవరో ఒకరు బుద్ధి చెప్పాల్సిన సమయం వచ్చిందని అనడం స్కౌట్ విని ఉంది. ఎక్కడో ఉన్న హిట్లర్‌ను అంతగా అసహ్యించుకునే మనిషి ఇంటి పక్కవారి పట్ల ఇలా ఎలా ఉండగలదని ఆ పిల్ల అన్నను అడుగుతుంది. తీర్పు గాయం మానని అన్న, ఇక ఆ కోర్టు ఊసే ఎత్తవద్దని ఆమె మీద విరుచుకుపడతాడు.

నవలకు లోపం లేదని మేము పిల్లలకు చెప్పడం లేదు. ఈ కథలో టామ్ మనసు మనకు దాదాపు కనిపించదు. అతని కష్టమంతా ఒక తెల్ల కుటుంబం కళ్లతోనే చూస్తాం. అందుకే మిల్డ్రెడ్ టేలర్ 1976లో రాసిన ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’ నుంచి ఒక అధ్యాయం జతచేశాం. మిసిసిపీలో తెల్లపిల్లలు వాడి వాడి పాడైన పాఠ్యపుస్తకాలను నల్లజాతి పిల్లలకు పంచినప్పుడు ఏం జరిగిందో అక్కడ ఒక నల్లజాతి బాలికే చెబుతుంది. రెండు పుస్తకాల్లోనూ వచ్చే ఆ దూషణ పదాన్ని తరగతిలో ఎవరూ పైకి చదవరు; దాని వెనుక ఉన్న బానిసత్వ చరిత్రను మాత్రం దాచడం లేదు.

మీకు నా విన్నపం ఒక్కటే. పిల్లలు ఇంట్లో ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తే దయచేసి మాట మార్చకండి. మన ఇంట్లో పనిచేసే ఆంటీకి కాఫీ గ్లాసు వేరుగా ఎందుకు పెడుతున్నామని కిందటి ఏడాది ఒక విద్యార్థిని అడిగిందట. సమాధానం చెప్పలేక ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఆ తల్లే నాకు చెప్పారు. స్కౌట్ మీద అన్న విరుచుకుపడ్డట్టు ఆ పాప మీద ఇంట్లో ఎవరూ విరుచుకుపడలేదు. మర్నాటి నుంచి గ్లాసులన్నీ ఒకే చోట ఉన్నాయి.

నవల ప్రతులు గ్రంథాలయంలో మీకోసం ఉంచాం. 26వ అధ్యాయం చిన్నదే. శుక్రవారం చివరి పీరియడ్‌లో దానిపై జరిగే చర్చకు మీరూ వచ్చి పిల్లలతో కూర్చోవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు