‘ఎస్‌డీబీ’ అని ఖాయంగా అచ్చు వేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ కంప్యూటర్ శీర్షికలో పెన్‌డ్రైవ్‌లోకి లైనక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించే పద్ధతి వేశారు. బాగానే ఉంది. కానీ ఆఖర్న ఇచ్చిన ‘డీడీ’ కమాండులో (ఏ డిస్కు పేరు చెబితే దాని మీద, పాతది ఉన్నా సరే, కొత్తది రాసేసేది) పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీబీ అని ఖాయంగా వేసేశారు. ఎవరి సిస్టమ్‌లో ఎస్‌డీబీ ఏదో రాసినాయనకు ఎలా తెలుస్తుంది?

నాది గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ షాపు. శుభలేఖలు, పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాం. రెండేళ్ల కిందట మా కుర్రాడు సరిగ్గా ఇలాంటి కమాండే కొట్టాడు. ముందురోజు చూసుకున్నప్పుడు పెన్‌డ్రైవే ఎస్‌డీబీ. మర్నాడు కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ మళ్లీ లేచేసరికి బ్యాకప్ హార్డ్‌డిస్క్ కూడా తగిలించి ఉంది. అది ఎస్‌డీబీ అయి కూర్చుంది, పెన్‌డ్రైవ్ ఎస్‌డీసీకి జరిగింది. పాస్‌వర్డ్ ఒక్కటే అడిగింది, వీడు ఇచ్చాడు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌లోకి కాకుండా బ్యాకప్ డిస్కు మీదికి ఎక్కేసింది. డీడీ ఆ తర్వాత ‘నిజమేనా?’ అని కూడా అడగదు.

పోయిన ఫైళ్లు వెతికి తీసే ఫొటోరెక్ ప్రోగ్రాముతో ఫొటోలు చాలావరకు లాగాం. పేర్లు మాత్రం పోయాయి. ప్రతిదానికీ ఎఫ్ అక్షరం, పక్కన అంకెలు. తెనాలి పెళ్లి ఏదో, పొన్నూరు పెళ్లి ఏదో పందిరి రంగు చూసి, పెళ్లికూతురి ముఖం చూసి విడదీసుకునేసరికి నెల పట్టింది.

బ్రాడీపేటలో నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే ఎప్పుడు వెళ్లినా అదే చోటు. ఎస్‌డీబీ అలాంటి అడ్రసు కాదు, డాక్టరు గారి దగ్గర ఇచ్చే టోకెను. ఎస్‌డీ అంటే మొదట్లో స్కజీ డిస్క్ (స్కజీ అంటే డిస్కులు తగిలించే ఒక పాత పద్ధతి). ఇప్పుడు సిస్టమ్ లోపలి సాటా డిస్కులకీ, బయట తగిలించే యూఎస్‌బీ డిస్కులకీ అన్నిటికీ అదే పేరు. వెనకాల ఏ, బీ, సీలు కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రాము) ఏది ముందు గుర్తుపడితే దానికి. మ్యాక్‌లోనూ లోపల డిస్క్2, డిస్క్3 అని వరస నంబర్లే, కాకపోతే తెర మీద మనం పెట్టిన పేరు కనిపిస్తుంది. విండోస్‌లో ఏ, బీలు ఫ్లాపీలకు పోయాయి కాబట్టి హార్డ్‌డిస్క్ సీతో మొదలైంది. తర్వాత వచ్చినవాటికి ఖాళీగా ఉన్న అక్షరం. మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైలులో ‘ఈ’ (E) డ్రైవ్ నుంచి లింకు ఇచ్చిన బొమ్మ, ఇంకో సిస్టమ్‌లో ఆ డ్రైవే ఎఫ్ అయితే దొరకదు. (‘ఈ డ్రైవ్‌లో ఉందండీ’ అంటే ‘ఏ డ్రైవ్‌లో?’ అని అడిగే కస్టమర్లతో వేరే బాధ.)

లైనక్స్‌లో దీనికి మందు లేకపోలేదు. డిస్కుల పేర్లుండే ‘డెవ్’ ఫోల్డరు కింద ‘డిస్క్’, దాని కింద ‘బై-ఐడీ’ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో డిస్కు కంపెనీ, మోడల్, సీరియల్ నంబరుతో పేరు కనిపిస్తుంది, సాకెట్ మార్చినా అది మారదు. అంత పెద్ద పేరు కొట్టలేమంటే ముందు ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ (తగిలించి ఉన్న డిస్కులన్నీ సైజులతో చూపించే కమాండు) కొట్టి సైజు చూసుకోవాలి. 16 జీబీ పెన్‌డ్రైవ్‌కీ, 1 టీబీ డిస్కుకీ తేడా తెలియని వాళ్లెవరూ ఉండరు. మా వాడికీ తెలుసు, చూడలేదంతే.

కాబట్టి వచ్చే ఆదివారం రెండు లైన్ల సవరణ వేయండి. కమాండులో ఎస్‌డీబీ తీసేసి ‘మీ పెన్‌డ్రైవ్ పేరు’ అని పెట్టండి. అలా వేస్తే ఉన్నదున్నట్టు కొట్టినవాళ్లకు ఎర్రర్ వస్తుంది, డిస్కు మిగులుతుంది. మా షాపులో అయితే బ్యాకప్ డిస్కుకు ఎర్ర స్టిక్కర్ అంటించాం. కుర్రాడు డీడీ కొట్టాలంటే ముందు దాన్ని పీకి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాలి.

ఇట్లు,
ఒక డీటీపీ షాపు యజమాని,
అరండల్‌పేట, గుంటూరు