‘ఫెయిల్’ ముద్ర కాదు, అంకెలు కావాలి

సంపాదకులకు,

పోయిన వారం పాత కార్ల పొగ మీద మీరు వేసిన అరపేజీ వార్త గురించి ఇంకెవరైనా రాస్తారేమోనని ఆగాను. ఎవరూ రాయలేదు. ఆల్టరేషన్లు చేయించిన పాత కారు పొగ పరీక్షలో తప్పిందంటే, పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ పోయినట్టేనని, కొత్తది వేయించుకోవాలని, లేదా బండిని తుక్కుకు పంపాలని అధికారులు సెలవిచ్చారట. మీరూ అలాగే అచ్చేశారు. స్పానర్ పట్టిన మనిషిని ఒక్కణ్ణి అడిగి ఉంటే ఆ అరపేజీ వేరేలా ఉండేది.

అసలు కన్వర్టర్ దానంతట అది చావడం తక్కువ. చాలాసార్లు దాన్ని చంపేది ముందున్న ఇంజనే. ఒక సిలిండర్ మిస్సవుతుంటే, అంటే అందులో పెట్రోలు సరిగ్గా అంటుకోకపోతే, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. లోపలి తేనెపట్టులాంటి దిమ్మ కరిగి ముద్దవుతుంది. మిస్సింగ్ సరిచేయకుండా కొత్త కన్వర్టర్ బిగిస్తే దానికీ అదే గతి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

రోగం ఏమిటో పరీక్ష యంత్రమే చెబుతుంది, చూసేవాడుంటే. కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువ, ఆక్సిజన్ దాదాపు సున్నా ఉంటే ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు (మండకుండా మిగిలిన పెట్రోలు), ఆక్సిజన్ రెండూ పెరిగితే మిస్సింగ్: ప్లగ్గో, ప్లగ్ వైరో, గాలి దొంగతనంగా దూరి గాలి-పెట్రోలు మిశ్రమం మరీ పలచబడటమో. మోనాక్సైడ్, ఆక్సిజన్ రెండూ ఎక్కువై కార్బన్ డయాక్సైడ్ పడిపోతే ముందుగా పొగగొట్టం ఎక్కడ చిల్లుపడిందో చూడాలి. కన్వర్టర్ బాగున్న ఇంజన్‌లో డయాక్సైడ్ 14 శాతం పైచిలుకు, ఆక్సిజన్ ఒక శాతం లోపు, లాంబ్డా (గాలి-పెట్రోలు పాళ్లు చెప్పే అంకె, 1 అంటే సరైన పాళ్లు) 1కి అటూ ఇటూగా ఉంటాయి. ఇన్ని అంకెలూ తెరమీద కనిపిస్తుంటే, యజమాని చేతికిచ్చే కాగితం మీద మాత్రం ‘ఫెయిల్’ అన్న ఒక్క ముద్ర! రక్తపరీక్ష చేసి ‘రోగి’ అని రాసిచ్చినట్టు.

ఆల్టర్ చేసిన బండిలో మొట్టమొదట చూడాల్సింది మానిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగను ఒక గొట్టంలోకి చేర్చే భాగం. కంపెనీ మానిఫోల్డ్ తీసేసి పొడుగు గొట్టాల హెడర్స్ వేస్తారు, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కంప్యూటర్‌కు చెప్పే ఆక్సిజన్ సెన్సర్‌ను మూరెడు వెనక్కి జరుపుతారు. ఒకే వైరున్న పాతరకం సెన్సర్‌లో హీటర్ ఉండదు. సుమారు 300 డిగ్రీల వేడి తగిలితే గాని అది పనిచేయదు. అంత వెనక, ఐడ్లింగ్‌లో (బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) చల్లబడిపోతుంది. పెట్రోలు కొలిచి పోసే ఇంజన్ కంప్యూటర్‌కు కబురు అందక, గుడ్డిగా తన లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. నాలుగు వైర్ల హీటర్ సెన్సర్ వేస్తే చాలావరకు తీరుతుంది. వేసిన తర్వాత మీటర్ పెట్టి చూడండి: వేడెక్కిన ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే ఓల్టేజి 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగాలి. మధ్యలో కదలకుండా కూర్చుంటే సెన్సరో, దాని వైరింగో పోయినట్టు.

అదే హెడర్స్ ప్యాకింగ్ దగ్గర వెంట్రుకంత సందున్నా చాలు. పొగ బయటికి రావడమే కాదు, రెండు పొగ తోపుల మధ్య బయటిగాలి లోపలికి లాక్కుంటుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ తగిలి మిశ్రమం పలచనైందని చెబుతుంది, కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకుంటుంది కాబట్టి ఇది చల్లని ఇంజన్ మీదే వెతకాలి. స్టార్ట్ చేసి, వెనక గొట్టానికి మడత గుడ్డ అడ్డంపెట్టి చెవి పెట్టండి, బుస్సుమంటుంది. సబ్బునీళ్లు పోస్తే బుడగలొస్తాయి. ప్యాకింగ్ అంచున సన్నటి నల్లటి మసిగీత ఉంటే ఇక వెతకక్కర్లేదు.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం. ఇంజన్ వేడెక్కుతోందని దాన్ని పీకి పారేసే మెకానిక్కులకు లెక్కలేదు. అది లేకపోతే ఇంజన్ 60 డిగ్రీల వేడి దగ్గరే ఉండిపోయి, ఇంకా చలిలో ఉన్నానని పెట్రోలు అడుగుతూనే ఉంటుంది. కూలెంట్ వేడిని కంప్యూటర్‌కు చెప్పే కూలెంట్ సెన్సర్ పాడైనా అదే కథ. చాలా సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓములు, 80 దగ్గర సుమారు 300 ఉండాలి. వేడిగా ఉన్నప్పుడూ వేలల్లోనే చూపిస్తే పారేయండి. పెట్రోలు ఒత్తిడిని అదుపులో ఉంచే ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ మీది వాక్యూమ్ పైపు లాగి వాసన చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే దాని డయాఫ్రమ్ (లోపలి పలచని పొర) చిరిగి, ఆ దారిన ఇంజన్‌లోకి అదనంగా పెట్రోలు పోతున్నట్టు.

కార్బొరేటర్‌తో గాలి, పెట్రోలు కలిపే పాత బండ్లవాళ్లది మరో తిప్పలు. కోన్ ఎయిర్ ఫిల్టర్ వేసి, మెయిన్ జెట్ (వేగంగా పోయేటప్పుడు పెట్రోలు వచ్చే రంధ్రం) మార్చి, ఐడ్లింగ్ పరీక్షలో అంకె కదల్లేదని ఆశ్చర్యపోతారు. ఐడ్లింగ్‌లో పనిచేసేది ఐడ్లింగ్ జెట్టు, మిక్చర్ స్క్రూ. మెయిన్ జెట్‌కు అక్కడ పనే లేదు. ఇక రేసు క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) వేయించినవారు: ఐడ్లింగ్‌లో మిశ్రమం లోపలికొచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ కాబట్టి కొంత మిశ్రమం మండకుండానే బయటికి జారిపోతుంది. ఐడ్లింగ్‌లో హైడ్రోకార్బన్లు చెడ్డగా, 2,500 దగ్గర బాగా వస్తే, ముందు వాక్యూమ్ లీకు లేదని తేల్చుకోండి, ఆ తర్వాత అనుమానించాల్సింది క్యామ్‌నే. దీనికి రిపేరు లేదు. ఐడ్లింగ్ కాస్త పెంచితే కొంత తగ్గుతుంది, అంతే. పికప్ కోసం ఇచ్చుకున్న మూల్యం అది.

ఇవన్నీ సరిచేసినా మోనాక్సైడ్ దిగకపోతే ఆయిల్ గేజీ తీసి వాసన చూడండి. నెలలతరబడి ఎక్కువ తాగిన పెట్రోలు ఆయిల్‌లో కలిసి, ఆవిరై, బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిర్లు పోయే గొట్టం) గుండా మళ్లీ ఇంజన్‌లోకే వెళుతుంది. ఆయిల్ మార్చండి.

పరీక్ష చేసే తీరు గురించి చెప్పకపోవడమే మంచిది గాని, చెప్పక తప్పడం లేదు. యంత్రం ప్రోబ్ (పొగను పీల్చే సన్నటి కడ్డీ) పొగగొట్టంలోకి 30 సెంటీమీటర్లయినా దిగాలి. రెండంగుళాలు పెట్టి పక్కవాడితో కబుర్లు చెబితే బయటిగాలి కలిసి చెడ్డ బండి కూడా పాసవుతుంది. మంచి బండిని అరగంట క్యూలో నిలబెట్టి, చల్లబడ్డ కన్వర్టర్‌తో పరీక్షిస్తే అదే ఫెయిలవుతుంది. ఇంజన్ వేడి ఎంతుందో చూసే అలవాటే లేదు. ఒకప్పుడు యంత్రాలు నాసిరకంగా ఉన్నా చేసేవాడికి చేతిపని తెలిసేది. ఇప్పుడు యంత్రం ఖరీదైంది, నొక్కేవాడికి బటన్ తప్ప తెలియదు. పైన కూర్చున్నవారికి ఆ బటన్ కూడా తెలియదు, ప్రకటనలివ్వడం తెలుసు.

ఫెయిలైన ప్రతి కాగితం మీదా నాలుగు వాయువుల అంకెలు, లాంబ్డా, ఆర్‌పీఎం, ఆయిల్ వేడి తప్పనిసరిగా అచ్చు వేయించమని అధికారులను అడగండి. యంత్రంలో ఎలాగూ ఉన్నవే, కాగితం ఇంకో రెండంగుళాలు పొడుగవుతుంది. మీరు కూడా ఈసారి కన్వర్టర్ల మీద అరపేజీ వేసేముందు అలాంటి కాగితం ఒకటి తెప్పించుకుని చదవండి.

ఇట్లు,
ఒక పాఠకుడు