కమోడోర్ 64 బీబీఎస్ మళ్లీ లైన్‌లోకి తెచ్చేవాళ్లకు

గ్రూప్‌లో అందరికీ. కమోడోర్ 64 అంటే 1980ల నాటి హోమ్ కంప్యూటర్, బీబీఎస్ అంటే బయటివాళ్లు మోడెమ్‌తో కనెక్టై మెసేజ్‌లు పెట్టుకునే బోర్డు. పెట్టె ఆన్ చేసే ముందు పాత అడాప్టర్ సంగతి చూడండి. అందులో 5 వోల్టుల రెగ్యులేటర్ పాడైతే వోల్టేజీ పైకెక్కి ర్యామ్ చిప్పులు పోతాయి. మల్టీమీటర్‌లో 5.25 దాటితే వాడొద్దు. నన్నడిగితే, రీడింగ్ బాగున్నా కొత్తది కొనడమే మేలు.

ఫ్లాపీలను జూమ్‌ఫ్లాపీతో (కమోడోర్ డ్రైవ్‌ని పీసీకి కలిపే యూఎస్‌బీ అడాప్టర్) డీ64 ఇమేజ్‌లుగా, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైల్‌గా, తీయండి. 35 ట్రాకుల డిస్కుకి 1,74,848 బైట్లు రావాలి. బోర్డు నడిపేది కాపీ మీదే.

ఫోన్ లైన్‌కి బదులు ఈఎస్‌పీ8266 వైఫై మోడెమ్. యూజర్ పోర్టు (కంప్యూటర్ వెనక మోడెమ్ తగిలించే కనెక్టర్) 5 వోల్టులది, ఆ చిప్పు 3.3ది, మధ్యలో లెవెల్ షిఫ్టర్ తప్పనిసరి. వేగం 1200 బాడ్‌తో మొదలెట్టండి. 9600 కావాలంటే యూపీ9600 అనే ప్రత్యేక వైరింగ్, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ ఉండాలి.

అసలు తలనొప్పి డీసీడీ, అంటే కాలర్ లైన్‌లో ఉన్నాడని మోడెమ్ కంప్యూటర్‌కి చెప్పే సిగ్నల్. కాలర్ వెళ్లిపోయినా బోర్డు లైన్ వదలకపోయినా, ఎవరూ లేకుండానే లాగిన్ అడుగుతున్నా ముందు అనుమానించాల్సింది దాని పోలారిటీనే (ఆన్ అంటే హై వోల్టేజా, లోనా అన్నది). మోడెమ్ సెట్టింగ్‌లో తిప్పి, సేవ్ చేసి, రీసెట్ కొట్టి చూడండి. సేవ్ మర్చిపోతే కరెంటు పోయి వచ్చాక మళ్లీ మొదటికే.

ఇంటర్నెట్ నుంచి కాలర్లు రావడానికి టెల్నెట్ మామూలు పోర్టు 23 తెరవొద్దు. టెల్నెట్ బాట్లు వచ్చి ఉన్న ఒక్క లైనూ ఆక్రమిస్తాయి. 6400 లాంటిది పెట్టి రౌటర్‌లో ఫార్వర్డ్ చేయండి. రౌటర్ వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్ (చాలామంది కస్టమర్లకు ఒకే పబ్లిక్ ఐపీ పంచే ఏర్పాటు), ఫార్వర్డింగ్ పనిచేయదు. ఇంటర్నెట్ కంపెనీని పబ్లిక్ ఐపీ అడగండి, లేదా వీపీఎస్ (అద్దె సర్వర్) నుంచి టన్నెల్ వేయండి.

టెస్టు మొబైల్ డేటా మీద చేయండి. ఇంటి వైఫై నుంచి సొంత పబ్లిక్ ఐపీకి వెళ్లనివ్వని రౌటర్లున్నాయి.