నీలం ఇంట్లో వాన

జార్జ్ టౌన్, పెనాంగ్, మలేషియా

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. ఫోన్లో నా గొంతు విని కంగారు పడ్డావని అక్క చెప్పింది. జలుబు, అంతే. పని ఎప్పటిలాగే, పాత ఇంటి హోటల్, రోజుకో కొత్త లీకు. జీతం వచ్చింది, శుక్రవారం పంపుతాను.

మొన్న సెలవుకి లీత్ స్ట్రీట్‌లో చియోంగ్ ఫాట్ జీ భవనానికి వెళ్ళాను. తెల్లదొరల కాలంలో ఓ చైనా వర్తకుడు కట్టించిన ఇల్లు, ఇప్పుడు హోటల్. అందులో దిగేంత డబ్బు మనకెక్కడిది, టికెట్ కొని చూసొచ్చాను. 38 గదులు, 220 కిటికీలు. గోడలన్నీ నీలం. పెయింటు కాదు, సున్నంలో నీలిమందు! పండక్కి నాన్న సున్నంలో చిటికెడు కలుపుతుంటే తొట్టిలో చెయ్యి పెట్టి తన్నులు తిన్నాను చూడు, అదే గుర్తొచ్చింది.

లోపల 5 మండువాలమ్మా! నేను వెళ్ళేసరికి వాన. నాలుగు వైపుల చూరు నుంచి ధారలు, కింద నల్లరాతి పలకల మీద చిటపటలు. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. నేను స్తంభానికి ఆనుకుని, చూరు కింద గంగాళం పెట్టలేదేంటా అని చూస్తూ నించున్నాను. వాన నీళ్ళు ఇంటి నడుమ పడితే డబ్బు నిలుస్తుందని వీళ్ళ నమ్మకం. మనింట్లో పడ్డ వానకి నాన్న అప్పులేం తీరలేదు గానీ.

ఆ వర్తకుడు 1916లో పోయాడు. ఆఖరి కొడుకు బతికున్నంతకాలం ఇల్లు అమ్మొద్దని విల్లు రాశాడట. ఆ కొడుకు పోయింది 1989లో. అప్పటికి ఇల్లంతా అద్దెవాళ్ళు, శిథిలం. ఊళ్ళోవాళ్ళే కొందరు కలిసి కొని, ఏళ్ళ తరబడి బాగుచేశారు. 2000లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

ఇదంతా బాబాయ్ కోసం రాస్తున్నానని అనుకుంటావేమో. కాదు. మనిల్లు అమ్మేద్దామంటే అమ్మండి, నేను అడ్డుపడను. ఏడాదికోసారి వచ్చేవాణ్ణి, నాకేం హక్కుంది? కానీ అమ్మేదాకానైనా వంటింటి గోడకి సిమెంటు పూయించొద్దని చెప్పు. సున్నపు గోడకి సిమెంటు పడితే చెమ్మ బయటికి పోదు, లోపల్లోపలే గుల్లయిపోతుంది. నేను రోజూ చేసే పనే ఇది, ఊరికే చెప్పట్లేదు.

నీ బీపీ మాత్రలు అయిపోయేదాకా ఆగకు, ముందే తెప్పించుకో.

అవునూ, ఆ గంగాళం ఇంకా ఉందా? అటక మీద చూడు. నువ్వు ఎక్కకు, అక్క చేత చూపించు.

నీ
చిన్నోడు